హెచ్‌ఐవీ "కేర్‌లో లేనివాళ్ల" లిస్ట్ చేతికిచ్చారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కొత్త_ఎనలిస్ట్:

అందరికీ నమస్తే అండి. అమెరికాలో ఒక హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో ఈమధ్యే డేటా ఎనలిస్ట్‌గా చేరాను, అంతకుముందు ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ మీద పనిచేశా కాబట్టి క్వెరీలు రాయడం, టేబుల్స్ కలపడం అలవాటే గానీ హెచ్‌ఐవీ వైపు మాత్రం ఓనమాల నుంచి నేర్చుకుంటున్నా. మా దగ్గర డేటా టు కేర్ అని ప్రోగ్రామ్ నడుస్తోంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇక్కడ ఎవరికైనా హెచ్‌ఐవీ పాజిటివ్ వస్తే పేరుతో సహా హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి రిపోర్ట్ చెయ్యాలి, 2008 నాటికి అన్ని రాష్ట్రాలూ ఈ పద్ధతికి వచ్చేశాయి, ఆ తర్వాత ఆ మనిషి చేయించుకునే సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) రిజల్ట్స్ కూడా ల్యాబుల నుంచి రిజిస్ట్రీలోకి, అంటే మా కేసుల రికార్డులోకి వస్తూ ఉంటాయి. ఏడాది పాటు ఒక మనిషి పేరు మీద ఏ రిజల్టూ రాకపోతే ట్రీట్‌మెంట్ మానేశాడేమో అని అనుమానించి లిస్టులో పెడతాం, ఫీల్డ్ స్టాఫ్ వాళ్లని వెతికి పట్టుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి చేర్చాలి. ఇదీ పని.

చెప్పుకోడానికి బానే ఉంది గానీ క్వెరీ రన్ చేస్తే వచ్చిన లిస్ట్ చూసి నాకు కళ్లు తిరిగాయి. ఫీల్డ్ వాళ్లు ఉన్నది పిడికెడు మంది. ఇందులో ముందు ఎవరిని ఇవ్వాలి, ఎవరిని పక్కన పెట్టాలి అనేది ఎలా తేలుస్తారు? మా మేనేజరేమో నెలకి ఎంతమందిని లింక్ చేశామో, అంటే డాక్టర్ దగ్గరికి చేర్చామో ఒక్క నంబర్ చెప్పు చాలు అంటున్నారు. ఇంకోటి, ఇది కాస్త వేరే రకం డౌటు, ఎవరో ఏదో ల్యాబులో రక్తం ఇస్తే ఆ రిజల్ట్ పట్టుకుని మనం వాళ్లింటి తలుపు కొట్టడం కరెక్టేనా అని నాకు లోపల ఎక్కడో పీకుతోంది. ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సర్వైలెన్స్_సుధ:

మొదట ఆ లిస్ట్ పేరు మార్చండి మనసులో. అది ట్రీట్‌మెంట్ మానేసినవాళ్ల లిస్ట్ కాదు, మనకి రిజల్ట్ అందనివాళ్ల లిస్ట్. రెండింటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది, సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో ఇలాంటి లిస్టునే ఒక్కొక్కటిగా ఆరా తీసినప్పుడు అందులో చాలామంది వేరే ఊరు వెళ్లిపోయినవాళ్లో, శుభ్రంగా వేరేచోట మందులు వాడుకుంటున్నవాళ్లో అని తేలింది. మిగతాచోట్లా అటూఇటూగా అదే కథ.

రిజల్ట్ ఎందుకు అందదు అనేది ఒక్కసారి కూర్చుని ఆలోచిస్తే సగం పని అయిపోతుంది. మనిషి చనిపోయి ఉండొచ్చు, మన రాష్ట్రంలో కాకుండా ఇంకోచోట చనిపోతే మన డెత్ రికార్డులో కనపడదు కాబట్టి నేషనల్ డెత్ ఇండెక్స్‌తో కూడా మ్యాచ్ చెయ్యాలి. వేరే రాష్ట్రానికి మారి ఉండొచ్చు. మాజీ సైనికుల కోసం ఉన్న వెటరన్స్ హాస్పిటల్లో చూపించుకుంటూ ఉండొచ్చు, అవి ఫెడరల్ సంస్థలు, రాష్ట్ర చట్టం వాళ్లకి వర్తించదు కాబట్టి రిజల్ట్ పంపకపోవచ్చు. ఏదైనా క్లినికల్ ట్రయల్లో ఉంటే ఆ శాంపిల్స్ రీసెర్చ్ ల్యాబుకి పోతాయి, మన దాకా రావు. వీటన్నిటికంటే దొంగది ల్యాబ్ ఫీడ్. ఒక ల్యాబు సాఫ్ట్‌వేర్ మార్చుకున్నప్పుడో, టెస్టు కోడ్ మారినప్పుడో ఆ ల్యాబు నుంచి వచ్చే వైరల్ లోడ్స్ నిశ్శబ్దంగా ఆగిపోతాయి, ఎక్కడా ఎర్రర్ రాదు, ఏడాది తిరిగేసరికి ఆ ల్యాబుకి పంపే క్లినిక్‌లో పేషెంట్లందరూ మీ లిస్టులో తేలతారు. అందుకని లిస్ట్ తీసేముందు ల్యాబువారీగా నెలకి ఎన్ని రిజల్ట్స్ వచ్చాయో ఒక చిన్న గ్రాఫ్ గీసి చూడండి. ఎక్కడైనా గీత ఉన్నట్టుండి నేలకి పడిపోయిందంటే తప్పు మనుషుల్లో లేదు.

డూప్లికేట్ల సంగతి ఇంకో తలనొప్పి. ఒకే మనిషి రెండు రాష్ట్రాల్లో రెండు కేసులుగా ఉంటాడు, దేశం మొత్తానికి వ్యాధుల లెక్కలు చూసే ఫెడరల్ సంస్థ సీడీసీ వాళ్లు సౌండెక్స్ (పేరు పలికే తీరుని బట్టి ఇచ్చే కోడ్), పుట్టిన తేదీ లాంటివి పోల్చి అనుమానం ఉన్న జంటల్ని రాష్ట్రాలకి పంపిస్తే రెండు రాష్ట్రాల వాళ్లు మాట్లాడుకుని తేల్చుకుంటారు. సౌండెక్స్ అనేది ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టింది, రెండు ఇంటిపేర్లున్న స్పానిష్ వాళ్లు, ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో తేల్చుకోని మనలాంటివాళ్లు దానికి దొరకరు :) వాషింగ్టన్ డీసీ, మేరీలాండ్, వర్జీనియా వాళ్లయితే ఒకరి డేటా ఒకరు చూడకుండానే మ్యాచ్ అయ్యేలా జార్జ్‌టౌన్ యూనివర్సిటీతో ఒక బ్లాక్ బాక్స్ సిస్టమ్ పెట్టించుకున్నారు, జనం రోజూ ఆ మూడుచోట్ల మధ్యా తిరుగుతుంటారు కాబట్టి అక్కడ అది అవసరమే.

ఇక ఎవరు ముందు అంటారా. రెండు రికార్డులు పక్కపక్కన పెట్టుకోండి. ఒకరికి వరసగా నాలుగేళ్లు వైరల్ లోడ్ 200 లోపే, అంటే వైరస్ కంట్రోల్లో ఉండి పోయినేడాది నుంచి ఏమీ లేదు. ఇంకొకరికి చివరి రిజల్టే 80 వేలు, సీడీ4 నూటయాభై, ఆ తర్వాత చప్పుడు లేదు. మొదటాయన ఊరు మారి ఉండే అవకాశమే ఎక్కువ, రెండో ఆయన రేపో మాపో హాస్పిటల్లో చేరే మనిషి. ఇద్దరికీ క్వెరీలో వచ్చే ఫ్లాగ్ మాత్రం ఒకటే. కాబట్టి చివరి వైరల్ లోడ్ ఎక్కువ ఉన్నవాళ్లు, సీడీ4 200 కంటే తక్కువ ఉన్నవాళ్లు, గర్భిణులు, డయాగ్నోస్ అయ్యాక అసలు ఒక్క రిజల్ట్ కూడా లేనివాళ్లు, వీళ్లని పైకి లాగండి.

ఫీల్డ్_మనిషి:

సుధగారు చెప్పినదాంట్లో తప్పేం లేదు గానీ లిస్ట్ కడుగుతూ కూర్చోవద్దు బ్రో. నేను చాలాకాలం డిసీజ్ ఇంటర్వెన్షన్ స్పెషలిస్ట్‌గా, అంటే ఇలాంటి పేషెంట్లని వెతికి కలిసే ఫీల్డ్ పని చేశా, ఆఫీసులో మూడు నెలలు కడిగి తోమి పంపిన లిస్టులో ఫోన్ నంబర్లు ఒక్కటీ మోగేవి కావు, ఎందుకంటే ఈ జనం ఇళ్లు మారతారు, సిమ్ములు మారతాయి, అసలు మందులు ఆపడానికి కారణమే అది. చావులు, డూప్లికేట్లు, ల్యాబ్ ఫీడ్ చూసేసి మిగతాది చిన్న చిన్న బ్యాచులుగా వదిలెయ్యండి, మేం తేలుస్తాం.

మాకు లిస్ట్ అందాక మొదట ఫోన్ చేసేది పేషెంటుకి కాదు, చివరిసారి వైరల్ లోడ్ ఆర్డర్ చేసిన క్లినిక్కుకి. "ఆ, ఆయన మొన్న మంగళవారమే వచ్చాడుగా" అని అక్కడే చాలా కేసులు తీరిపోతాయి. క్లినిక్ వాళ్ల దగ్గర కూడా అపాయింట్‌మెంట్‌కి రానివాళ్ల లిస్ట్ ఉంటుంది, మనదీ వాళ్లదీ ఒకచోట పెట్టుకుని నెలకోసారి కూర్చుంటే ఇంకా బావుంటుంది. కనెక్టికట్, మసాచుసెట్స్, ఫిలడెల్ఫియాల్లో కోరెక్ట్ అని ఒక ర్యాండమైజ్డ్ ట్రయల్ చేసింది ఇలాగే, హెల్త్ డిపార్ట్‌మెంటు క్లినిక్కులు కలిసి లిస్ట్ తయారుచేసి వెంటనే ఫీల్డ్‌కి ఇస్తే 90 రోజుల్లోపు తిరిగొచ్చినవాళ్లు పెరిగారు.

ఇక మనిషి దొరికాక మాట్లాడే తీరు. ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టాల్సొస్తే పేరు, నంబర్, ఒక పర్సనల్ హెల్త్ విషయం మాట్లాడాలి, అంతే, హెచ్‌ఐవీ అన్న మాట చచ్చినా రాకూడదు. ఇంటికెళ్తే తలుపు తీసింది వాళ్లో కాదో తేలేదాకా నోరు విప్పకూడదు, చుట్టమనో తమ్ముడనో చెప్పేవాళ్లకి కూడా ఏమీ చెప్పం. దాదాపు ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే, "నా సంగతి మీకెలా తెలుసు?" దీనికి నీళ్లు నమిలితే ఆ మనిషి ఇంక మనకి దొరకడు. ల్యాబులు చట్టప్రకారం రిజల్ట్స్ పంపుతాయి, ఈమధ్య మీవి రాలేదు, ఇబ్బందేమైనా ఉంటే సాయం చేద్దామని వచ్చా అని ఉన్నదున్నట్టు చెప్పడమే. కోప్పడతారు, కోప్పడనివ్వాలి. ఆ తర్వాత మెల్లిగా అసలు సంగతి బయటికొస్తుంది, ఇన్సూరెన్స్ పోయింది, క్లినిక్కుకి రెండు బస్సులు మారాలి, ఇంట్లో దాచుకోడానికి చోటులేదు, డిప్రెషన్, తాగుడు. వైరస్ గురించి తెలియక మానేసినవాళ్లు నాకు బహు తక్కువ తగిలారు.

కొత్తగా పాజిటివ్ వచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లకి కావలసింది వెతకడం కాదు, చెయ్యి వదలకుండా పట్టుకోవడం. ఫోన్ నంబర్ రాసిచ్చి మీరే కాల్ చేసుకోండి అంటే చాలామంది చెయ్యరు. ఆర్టాస్ అని ఒక పాత స్టడీ ఉంది, 2005లో వచ్చింది, ఊరికే రెఫరల్ ఇచ్చినవాళ్లలో ఆరు నెలల్లో డాక్టర్ని కలిసింది 60 శాతం అయితే కేస్ మేనేజర్ కొన్నిసార్లు కలిసి మాట్లాడి కూడా వెళ్లినవాళ్లలో 78 శాతం. ఇప్పుడైతే చాలాచోట్ల అదే రోజు మందులు మొదలుపెట్టేస్తున్నారు కాబట్టి ఆ గ్యాప్ ఇంకా తగ్గించొచ్చు.

మాత్రల_మిత్రుడు:

మీరు మాట్లాడుకునే లిస్టులో ఒకప్పుడు నేనున్నా కాబట్టి ఇది రాస్తున్నా. వేరే ఐడీతో వచ్చా, అర్థం చేసుకోండి.

నేను మందులు ఆపింది నిర్లక్ష్యంతో కాదు. ఉద్యోగం పోయింది, దాంతోపాటు ఇన్సూరెన్స్ పోయింది, వీసా గడువు నెత్తిమీద కూర్చుంది. ఆ టైములో నాకు ఎక్కడా నా పేరు ఉండకూడదు అనిపించింది, గవర్నమెంటు సాయం తీసుకుంటే ఇమిగ్రేషన్ వాళ్లకి తెలిసిపోయి పంపించేస్తారేమో అని భయం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఈ దేశంలోకి రాకూడదు అనే రూల్ 2010 జనవరిలోనే ఎత్తేశారని కూడా అప్పుడు నాకు తెలియదు. హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒకావిడ ఫోన్ చేసినప్పుడు ఒళ్లంతా చల్లబడిపోయింది, కట్ చేశా. ఆవిడ మళ్లీ చేసింది. రెండోసారి ఆవిడ మందుల గురించి అడగలేదు, ఇన్సూరెన్స్ ఉందా అని అడిగింది. హెచ్‌ఐవీ పేషెంట్లకి ట్రీట్‌మెంట్ ఖర్చుల్లో సాయపడే ర్యాన్ వైట్ అనే ఫెడరల్ ప్రోగ్రామ్ గురించి, అందులో మందులకి ఇచ్చే సాయం గురించి చెప్పింది, ఫెడరల్ రూల్ ప్రకారం దానికి ఇమిగ్రేషన్ స్టేటస్ అడగరని కూడా చెప్పింది. ఆ ఒక్క వాక్యం కోసమే నేను అన్నాళ్లు ఆగానేమో అనిపిస్తుంది ఇప్పుడు.

కాబట్టి కొత్త_ఎనలిస్ట్ గారూ, తలుపు కొట్టడం కరెక్టేనా అంటే, కొట్టండి అనే అంటా. కానీ చేతిలో ఏదో ఒకటి పట్టుకుని కొట్టండి. అపాయింట్‌మెంట్ డేటో, ఇన్సూరెన్స్ ఫారమో, బస్సు పాసో. ఊరికే "మీరు మందులు వాడట్లేదని మా రికార్డులో ఉంది" అని చెప్పడానికైతే రావద్దు, అది పోలీసు మాటలా ఉంటుంది.

ఆ పోలీసు విషయంలోనే నాకు ఇప్పటికీ ఒక పేచీ ఉంది. హెచ్‌ఐవీ ఉందని చెప్పకుండా సెక్స్ చేశారని జైల్లో పెట్టే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఇంకా ఉన్నాయి. అలాంటిచోట మన రక్తంలో వైరస్ జీన్ సీక్వెన్స్‌లు పోల్చి ఎవరిది ఎవరికి దగ్గరో క్లస్టర్లు గీస్తున్నారు, మమ్మల్ని ఎవరూ అడగలేదు. ప్రెసిడెంట్‌కి సలహాలిచ్చే ఎయిడ్స్ కౌన్సిల్ కూడా 2022లో ఈ కన్సెంట్ విషయంలో సీడీసీ పద్ధతి మార్చుకోమని తీర్మానం చేసింది. డాక్టర్ దగ్గరికి చేర్చడానికి వాడే డేటా ఒకటి, ఇది ఇంకొకటి. రెండూ ఒకే సర్వర్లో ఉంటే పేషెంటుకి రెండూ ఒకటే.

కొత్త_ఎనలిస్ట్:

మిత్రుడు గారూ, మీరు రాసినందుకు చాలా థ్యాంక్స్ అండి, నిజంగా. సుధగారూ, మీరు చెప్పినట్టు ల్యాబువారీ గ్రాఫ్ గీశా. ఒక ల్యాబుది వేసవి నుంచి దాదాపు సున్నా! మా ఇన్‌ఫర్మాటిక్స్ టీమ్‌కి టికెట్ పెట్టా. ఇంక రెండు డౌట్లు. మేనేజర్ అడిగే నంబర్ కింద ఏం ఇవ్వాలి? ఏడాది దాకా ఆగకుండా ఇంకా ముందే కనిపెట్టే దారి ఏమైనా ఉందా?

సర్వైలెన్స్_సుధ:

ల్యాబ్ సంగతి దొరికింది కదా, సంతోషం.

నంబర్ దగ్గర జాగ్రత్త. సీడీసీ లెక్కలో డయాగ్నోస్ అయిన నెలలోపు ఒక సీడీ4 గానీ వైరల్ లోడ్ గానీ ఉంటే లింక్ అయినట్టే. పాజిటివ్ చెప్పిన రోజే అదే సూదితో సీడీ4కి కూడా రక్తం లాగేస్తే ఆ మనిషి డాక్టర్ మొహం చూడకపోయినా మన టేబుల్లో లింక్ అయిపోయినట్టు కనిపిస్తాడు. ఎమర్జెన్సీలో చేరినవాళ్లకి చేసిన టెస్టులూ అంతే. అందుకని ఒక్క నంబర్ ఇవ్వకండి, మొత్తం మెట్లన్నీ చూపించండి, లిస్టులో ఎంతమంది, అందులో చనిపోయినవాళ్లు, ఊరు మారినవాళ్లు, ఆల్రెడీ కేర్‌లో ఉన్నవాళ్లు ఎంతమంది, నిజంగా కేర్ బయట ఉన్నది ఎంతమంది, దొరికింది ఎంతమంది, తిరిగొచ్చింది ఎంతమంది, ఆర్నెల్ల తర్వాత వైరల్ లోడ్ 200 లోపుకి వచ్చింది ఎంతమంది. కింది మెట్టు అంకె చిన్నగానే ఉంటుంది, మేనేజర్ మొహం మాడుతుంది. అప్పుడు ఆయనకి ఇది చెప్పండి, 2016 లెక్కలతో సీడీసీ వేసిన అంచనా ప్రకారం అమెరికాలో కొత్తగా వైరస్ అంటుకోవడంలో 43 శాతం దాకా హెచ్‌ఐవీ ఉందని తెలిసీ కేర్‌లో లేనివాళ్ల నుంచే, వైరస్ పూర్తిగా కంట్రోల్లో ఉన్నవాళ్ల నుంచి సున్నా. కాబట్టి ఆ చిన్న అంకెకి కూడా బరువుంది. "ఊరు మారారు" అని తేలినవి కూడా వేస్ట్ అనుకోవద్దు, వాటివల్ల రిజిస్ట్రీ శుభ్రపడుతుంది, వచ్చే రౌండ్ లిస్ట్ పొట్టిదవుతుంది.

ముందే కనిపెట్టడానికి ఫార్మసీ డేటా మంచిది. చాలాకాలంగా కంట్రోల్లో ఉన్నవాళ్లకి వైరల్ లోడ్ ఆర్నెల్లకోసారే చేస్తారు, అదే మందు బాటిలయితే సాధారణంగా 30 రోజులకి అయిపోతుంది. రీఫిల్ తీసుకోలేదంటే నెలా రెణ్నెల్లలో తెలిసిపోతుంది. మీ క్లెయిమ్స్ అనుభవం సరిగ్గా అక్కడ పనికొస్తుంది. రెణ్నెల్లకోసారి ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు ఇప్పుడు ఉన్నారు, వాళ్లది మెడికల్ క్లెయిమ్‌లో పడుతుంది గానీ ఫార్మసీలో పడకపోవచ్చు, అది మర్చిపోతే వాళ్లందరూ మందు మానేసినట్టు వస్తారు.

లూసియానా వాళ్లది ఇంకో దారి. లాఫీ అని పెట్టారు, 2009లో మొదలైంది. కేర్‌లో లేని మనిషి కాలు విరిగో, జ్వరమొచ్చో హాస్పిటలుకి వస్తే డాక్టరు స్క్రీన్ మీద హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి అలర్ట్ వస్తుంది, అప్పటికప్పుడు అక్కడే మాట్లాడి కేర్‌లోకి తెస్తారు. మనం వెతకక్కర్లేదు, వాళ్లే వచ్చారు కదా. నాకైతే అన్నిట్లోకి ఇదే నచ్చింది, కాకపోతే లాయర్లని, హాస్పిటళ్లని, పేషెంట్ సంఘాల్ని ముందే కూర్చోబెట్టి ఒప్పించాలి. అలర్ట్ ఎవరు చూడొచ్చు అనేది ఒక్కటి తేడా కొట్టినా ప్రోగ్రామ్ మొత్తం పోతుంది.

ఏఆర్‌టీ_కౌన్సెలర్:

ఇండియాలో ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే చోట చేస్తా. ఇక్కడ మనకి లేబుల్ వేరు, ఎల్ఎఫ్‌యూ అంటాం, లాస్ట్ టు ఫాలోఅప్. ల్యాబు బదులు మాత్రల తేదీతో పట్టుకుంటాం, డ్యూ డేటుకి రాకపోతే ఫోన్, తర్వాత అవుట్‌రీచ్ వర్కరు. వేరే సెంటర్‌కి చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు మాకూ ఉంటారు. సౌతాఫ్రికాలో నేషనల్ ల్యాబ్ డేటా మొత్తం కలిపి చూస్తే క్లినిక్కులు "పోయారు" అని రాసుకున్నవాళ్లలో చాలామంది ఇంకో క్లినిక్కులో తేలారు, అది చదివినప్పుడు మా రిజిస్టర్ గుర్తొచ్చింది. మాకు 2017 నాటి హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం ఉంది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది, మామూలుగా కన్సెంట్ లేకుండా ఎవరి స్టేటసూ బయట పెట్టడానికి లేదు. అందుకే రిజిస్టర్ అయ్యేటప్పుడే "మీరు రాకపోతే ఏ నంబరుకి చెయ్యాలి, ఇంటికి రావచ్చా వద్దా" అని అడిగి రాసుకుంటాం. మీ దగ్గరా కొత్త కేసులకి ఇది మొదటిరోజే అడిగితే తర్వాత ఇంత తంటా ఉండదేమో?

ఫీల్డ్_మనిషి:

కౌన్సెలర్ గారు చెప్పింది బంగారం. మేం ఇంటర్వ్యూలో అడుగుతాం గానీ అది నోట్స్‌లో పడి ఉంటుంది, ఎనలిస్ట్ తీసే లిస్టులోకి రాదు. తమ్ముడూ, నువ్వు చెయ్యగలిగింది అదే, "ఎలా కాంటాక్ట్ చెయ్యాలి, ఎలా చెయ్యకూడదు" అనేదానికి ఒక కాలమ్ పెట్టు, ఫోన్ నంబర్ పక్కనే ఉండాలి, చివర్లో ఎక్కడో కాదు. మావాళ్లు కార్లో కూర్చుని ట్యాబ్‌లో చూస్తారు, పక్కకి స్క్రోల్ చెయ్యరు.